పసివాళ్ళ ఎగ్జిమా: ఏం రాయాలి, ఎంత రాయాలి

తెలుగిళ్ళలో పసిబిడ్డకు నీళ్ళు పోయడం పెద్ద కార్యక్రమం. పెద్దావిడ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి ఒళ్ళంతా నూనె పట్టిస్తుంది. సున్నిపిండితో నలుగు పెట్టి, జిడ్డు పోయేదాకా రుద్ది, చెంబుతో వేణ్ణీళ్ళు ధారగా పోస్తుంది. తుడిచి, పౌడరు అద్ది, సాంబ్రాణి పొగ వేసి ఉయ్యాల్లో వేస్తే బిడ్డ కదలకుండా నిద్రపోతుంది. మామూలు చర్మమున్న బిడ్డ ఇదంతా తట్టుకుంటుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం ఇందులో ఒక్క నూనె తప్ప మిగతావన్నీ పడనివే. వేణ్ణీళ్ళు చర్మంలోని సహజమైన కొవ్వును కడిగేస్తాయి, నలుగు పైపొరను గీరేస్తుంది, పౌడరు మిగిలిన కాస్త తేమను పీల్చేస్తుంది, పొగ చర్మానికీ ఊపిరికీ పడదు. నూనెల్లో కూడా అన్నీ ఒకటి కావు, ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

డాక్టరు చీటీ మీద ఈ జబ్బుకు రాసే పేరు అటోపిక్ డెర్మటైటిస్. సాధారణంగా రెండు మూడు నెలల వయసు దాటాక బుగ్గల మీద మొదలవుతుంది. పాకే వయసుకు మోచేతులు, మోకాళ్ళ పైభాగాలకు చేరుతుంది. రెండేళ్ళు దాటాక చోటు మార్చి మోచేతి మడతల్లో, మోకాలి వెనక, మెడ చుట్టూ, మణికట్ల దగ్గర తిష్ఠ వేస్తుంది. డైపరు కట్టే చోట తేమ ఎక్కువ కాబట్టి అక్కడ చాలామందికి రాదు. దీన్ని గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడే ఆనవాళ్ళలో ఇదొకటి. పుస్తకాల్లోని ఫొటోలన్నీ తెల్లతోలు మీద ఎర్రటి మచ్చలే చూపిస్తాయి. మన చామనఛాయ పిల్లల్లో ఆ ఎరుపు కనపడదు. బూడిద రంగుగానో, ముదురు గోధుమగానో, ఊదాగానో ఉంటుంది, పైన సన్నటి బుడిపెలు లేస్తాయి. చూపుకు తేలికపాటి జబ్బులా ఉన్నది నిజానికి తీవ్రమైనది కావచ్చు. అందుకే చేత్తో తడిమి చూడాలి, వేళ్ళకు గరుకుగా, దళసరిగా తగులుతుంది. తగ్గాక అక్కడ తెల్లటి మచ్చలు మిగిలితే ఇంట్లోవాళ్ళు బొల్లేమోనని హడలిపోతారు, లేదా కాల్షియం తక్కువైందని సిరప్ కొంటారు. వాపు పూర్తిగా తగ్గితే కొన్ని నెలల్లో రంగు దానంతటదే తిరిగి వస్తుంది.

ఇంతకీ లోపం ఎక్కడుంది? ఊళ్ళో చెప్పేది, రక్తం చెడిందనో, ఒంట్లో వేడి చేసిందనో, పాలిచ్చే తల్లి ఏదో తినకూడనిది తిన్నదనో. సైన్సు చెప్పేది వేరు. చర్మం పైపొరను గోడ అనుకోండి. ఎండి చదునైన కణాలు ఇటుకలు. వాటి మధ్య ఉండే సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం. మందం మిల్లీమీటరులో వందో వంతో, రెండు వంతులో ఉంటుంది, అంతే. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములూ దుమ్మూ లోపలికి రాకుండా కాపాడేది ఇదే. ఇటుక గట్టిపడాలంటే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కావాలి. కణంలోని కెరాటిన్ పోగులను కట్టలుగా బిగించేది అది. ఆ పని అయ్యాక తాను ముక్కలై, నీటిని పట్టి ఉంచే చిన్న అణువులుగా మారుతుంది. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపాలున్న పిల్లలకు ఎగ్జిమా ముప్పు బాగా ఎక్కువని నిరూపించింది. యూరప్ జనాల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఈ లోపం ఉంది. ఆసియా జనాల్లో అదే జన్యువులో వేరే మార్పులు దొరికాయి. ఎగ్జిమా ఉన్న పిల్లలందరికీ ఈ జన్యులోపం ఉండదు, అయినా గోడలో చీలికలు మాత్రం అందరికీ ఉంటాయి. ఎందుకంటే బయటి నుంచి చొరబడిన వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి, ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయనాలను వదులుతుంది. ఇవి ఫిలాగ్రిన్ తయారీని ఇంకా తగ్గించేస్తాయి. చీలిక వల్ల వాపు, వాపు వల్ల మరింత చీలిక.

ఈ చక్రంలో మూడోది గోకుడు. దోమ కుట్టినప్పుడు, దద్దుర్లు లేచినప్పుడు దురద పుట్టించేది ప్రధానంగా హిస్టమిన్. ఎగ్జిమా దురదకు అసలు కారణం అది కాదు, ఇంటర్‌ల్యూకిన్-31 లాంటి వేరే రసాయనాలు. అలర్జీ సిరప్ తాగించినా పిల్లాడు గోకడం మానకపోవడానికి కారణం ఇదే. ఆ సిరప్ చేసే మేలల్లా కాస్త మత్తు, రెండేళ్ళ లోపు పిల్లలకు ఆ మత్తు కూడా క్షేమం కాదు. 2023లో హార్వర్డ్‌లో ఐజాక్ చియూ బృందం ఇంకో చిత్రమైన సంగతి బయటపెట్టింది. ఎగ్జిమా చర్మం మీద విపరీతంగా పెరిగే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఒక ఎంజైము, చర్మంలోని నరాల కొసలను నేరుగా తట్టి దురద పుట్టిస్తోంది. ప్రయోగం ఎలుకల మీద చేసిందే. అయినా పిల్లాడు గోకేది అలవాటు కొద్దీ కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. గోకితే చర్మం తెగుతుంది, తెగిన చోట బ్యాక్టీరియా మరింత పెరుగుతుంది. ‘గోకకు, గోకకు’ అని రోజంతా అరవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంతలో తల్లి మీద విచారణ మొదలవుతుంది. ‘ఏం తిన్నావమ్మా?’ అని అత్తగారు, ‘గుడ్డు మానేశావా?’ అని పక్కింటావిడ. గోంగూర, వంకాయ, గుడ్డు, చేప, వేరుశనగ ఒక్కొక్కటే పోయి, బాలింత పథ్యం ఏడాది దాకా సాగి, చారూ అన్నమూ మిగులుతాయి. ఎగ్జిమా ఉన్న బిడ్డలందరి తల్లులూ ఇలా మానేయడం వల్ల జబ్బు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. బక్కచిక్కేది తల్లి. బిడ్డకే ఇలా పదార్థాలు మాన్పిస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న కొందరు పసివాళ్ళకు గుడ్డు, పాలు, వేరుశనగ లాంటి వాటితో నిజమైన అలర్జీ ఉండే మాట వాస్తవమే. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, వాంతి కావడం దాని గుర్తులు. అది తేల్చాల్సింది అలర్జీ నిపుణులు. వంద పదార్థాల జాబితాతో ల్యాబుల వాళ్ళు అమ్మే ఐజీజీ రక్తపరీక్షలకు విలువ లేదు.

తిండి అలర్జీ వల్ల ఎగ్జిమా వస్తుందని చాలాకాలం అనుకున్నారు. గత ఇరవై ఏళ్ళలో వ్యవహారం తలకిందులైంది. లండన్ వైద్యుడు గిడియన్ లాక్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వేరుశనగ నూనె కలిసిన క్రీములు పసితనంలో రాయించుకున్న పిల్లల్లో వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించింది. తర్వాత 2008లో ఆయన బృందమే ఇజ్రాయెల్, బ్రిటన్‌లలోని యూదు పిల్లలను పోల్చి చూసింది. వేరుశనగ అలర్జీ బ్రిటన్ పిల్లల్లో దాదాపు పదిరెట్లు. ఇజ్రాయెల్‌లో పసివాళ్ళు బాంబా అనే వేరుశనగ చిరుతిండిని పళ్ళు రాకముందే చప్పరిస్తారు, బ్రిటన్‌లో వేరుశనగ దగ్గరికి రానిచ్చేవారు కాదు. దీన్ని పరీక్షించడానికి తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్ళను తీసుకుని, సగం మందికి తినిపించారు, సగం మందికి మాన్పించారు. 2015లో వచ్చిన ఫలితం: ఐదేళ్ళ వయసుకు మానినవాళ్ళలో 17.2 శాతానికి, తిన్నవాళ్ళలో 3.2 శాతానికి మాత్రమే అలర్జీ. నోటి ద్వారా కడుపులోకి వెళ్ళిన ఆహారాన్ని శరీరం తనదిగా ఒప్పుకుంటుంది, చీలిన చర్మం ద్వారా లోపలికి వచ్చినదాన్ని శత్రువనుకుంటుంది. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండువేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు, వాళ్ళంతా అప్పటిదాకా గోధుమ హాయిగా తిన్నవాళ్ళే. పగిలిన చర్మం మీద శనగపిండి, పెసరపిండి రుద్దకపోవడానికి ఇది రెండో కారణం. బిడ్డకు ఆరో నెలలో ఘనాహారం మొదలుపెట్టినప్పుడు అనవసరంగా ఏదీ దూరం పెట్టకండి. ఎగ్జిమా తీవ్రంగా ఉంటే వేరుశనగ, గుడ్డు మొదటిసారి పెట్టేముందు డాక్టరును అడగాలి. వేరుశనగను మెత్తటి ముద్దగానే ఇవ్వాలి, గింజలు గొంతులో అడ్డుపడతాయి.

పనిచేస్తుందని అందరూ ఆశపడి, తీరా పరీక్షిస్తే తేలిపోయినవి కూడా కొన్ని ఉన్నాయి. డబ్బు మిగులుతుంది కాబట్టి చెప్పడం మంచిది. హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్ళు కఠినమైనవి, సబ్బు నురగ రాదు. కఠినజలం ఉన్న ప్రాంతాల్లో ఎగ్జిమా ఎక్కువన్న సంగతీ నిజమే. అయితే బ్రిటన్‌లో 336 మంది పిల్లల ఇళ్ళలో నీటిని మెత్తబరిచే యంత్రాలు బిగించి చూస్తే, 2011లో వచ్చిన ఫలితం శూన్యం. స్నానపు నీళ్ళలో కలిపే ఖరీదైన నూనెలను 483 మంది పిల్లల మీద పరీక్షించారు. 2018 నాటి ఆ ఫలితమూ అంతే. పుట్టిన రోజు నుంచీ మాయిశ్చరైజర్ పూస్తే అసలు ఎగ్జిమా రాకుండా ఆపవచ్చేమోనని 1,394 మంది బిడ్డల మీద చేసిన అధ్యయనం 2020లో ‘లేదు’ అని తేల్చింది. వచ్చాక మాత్రం మాయిశ్చరైజర్ లేనిదే గడవదు.

దాన్ని ఎంత రాయాలన్న దగ్గరే అసలు చిక్కు. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములు అంటాయి. మన దగ్గర తల్లులు వంద గ్రాముల ట్యూబును నెలంతా సరిపెడతారు. పిసినారితనం అనలేం, దాని ధర అలా ఉంటుంది మరి. నా మాటగా చెప్పాలంటే, సెరమైడ్లు ఉన్న ఖరీదైన క్రీమును చిటికెడు రాయడం కన్నా సాదా పెట్రోలియం జెల్లీని ధారాళంగా రాయడం నయం. కొబ్బరి నూనెకు ఆధారం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో పచ్చి కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ కన్నా మెరుగని తేలింది. ఆవనూనె మంటపెడుతుంది. బంధువులు విదేశాల నుంచి తెచ్చే ఆలివ్ నూనె పైపొరను బలహీనపరుస్తుంది, దాన్ని వంటకు వాడుకోండి.

స్నానం రోజూ చేయించవచ్చు. గోరువెచ్చని నీళ్ళు, ఐదు పది నిమిషాలు, మురికి ఉన్న చోట మాత్రమే వాసన లేని సబ్బు. మెత్తటి నూలుబట్టతో అద్ది, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే క్రీము పూయాలి. రుద్దకూడదు, వెంట్రుకలు వాలిన వైపుకే కిందికి నిమరాలి. డబ్బాలో వేళ్ళు పెడితే బ్యాక్టీరియా చేరుతుంది, శుభ్రమైన చెంచాతో తీసుకోండి. కాలాన్ని బట్టి రకం మార్చుకోవాలి. డిసెంబరులో హైదరాబాద్ పొడిగాలికి చిక్కటి ఆయింట్‌మెంట్ కావాలి. అదే ఆయింట్‌మెంట్ మే నెలలో విజయవాడ ఉక్కపోతలో పట్టిస్తే చెమట బయటికి రాక చెమటకాయలు లేచి దురద రెట్టింపవుతుంది, అప్పుడు పల్చటి క్రీమో లోషనో చాలు. పారాఫిన్ పీల్చుకున్న బట్టలు త్వరగా అంటుకుంటాయి. దీపారాధన దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఆ బట్టలతో పిల్లల్ని పోనివ్వకండి.

చర్మం రేగినప్పుడు మాయిశ్చరైజర్ ఒక్కటే ఆ మంటను ఆర్పలేదు. అప్పుడు స్టెరాయిడ్ క్రీము కావాలి. ఆ మాట వినగానే మనవాళ్ళు రెండు వర్గాలుగా విడిపోతారు. ఒకరు భయపడి అసలు రాయరు, రాసినా ఆవగింజంత. ఇంకొకరు అది స్టెరాయిడ్ అని తెలియకుండానే నెలల తరబడి పూస్తారు. అమెరికన్ చర్మవైద్యుడు మారియన్ సుల్జ్‌బర్గర్, విక్టర్ విటెన్‌తో కలిసి 1952లో హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద పూసి చూపించినప్పటి నుంచీ ఎగ్జిమా చికిత్సకు ఇదే వెన్నెముక. ఎంత రాయాలో చెప్పడానికి 1991లో కార్డిఫ్ వైద్యులు లాంగ్, ఫిన్లే ఒక సులువైన కొలత చెప్పారు. ట్యూబు నుంచి క్రీమును పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ఒక చారగా పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. మూడు నుంచి ఆరు నెలల బిడ్డకు ముఖానికీ మెడకూ ఒక చార, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటిన్నర, ఛాతీ పొట్టలకు ఒకటి, వీపూ పిరుదులకు ఒకటిన్నర. జబ్బున్న చోటే రాయాలి, ఉన్నంత మేరా రాయాలి. సాధారణంగా ముఖానికి ఒక శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికైనది, ఒంటికి అవసరాన్ని బట్టి కాస్త బలమైనది, కొన్ని రోజుల పాటు. ఏది, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు నిర్ణయం. అరకొరగా రాస్తే మంట సగమే ఆరి వారంలో మళ్ళీ రేగుతుంది, చివరికి లెక్కేస్తే మందు ఎక్కువే పడుతుంది. మాటిమాటికీ రేగే పిల్లలకు, తగ్గాక కూడా అవే చోట్ల వారానికి రెండు రోజులు రాయమంటారు.

రెండో వర్గం కథ వేరు. మందుల షాపులో ‘దురదకు ఏదన్నా ఇవ్వండి’ అంటే చేతికి వచ్చేది చాలాసార్లు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ కలిపేసిన ట్యూబు. హైడ్రోకార్టిసోన్ కన్నా క్లోబెటసాల్ వందల రెట్లు బలమైనది. పసివాళ్ళ బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఒంట్లోకి ఇంకేది కూడా ఎక్కువ. వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, రంగు పోతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. పైగా అది ఎగ్జిమా కాక నిజంగా తామరే అయితే స్టెరాయిడ్ దాన్ని ఒళ్ళంతా పాకిస్తుంది. దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడాక 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదంది. కాగితం మీద చట్టం బాగుంది. కౌంటర్ మీద అమ్మకమూ బాగానే ఉంది. ఆర్‌ఎంపీ ఇచ్చే సూది కూడా చాలాసార్లు స్టెరాయిడే. రెండు రోజుల్లో మాయం, పది రోజుల్లో రెట్టింపు.

కనురెప్పలు, మెడ లాంటి పల్చటి చోట్ల ఎక్కువకాలం వాడటానికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందిది, స్టెరాయిడ్ కాదు. మొదటి కొన్ని రోజులు మండుతుంది, అది తెలియక చాలామంది ఆపేస్తారు. ఇదీ చాలనప్పుడు తడి కట్లు: క్రీము పూసి, గోరువెచ్చని నీళ్ళలో పిండిన నూలు బనీను, పైన పొడి బనీను వేసి రాత్రి పడుకోబెట్టడం. డాక్టరు దగ్గర నేర్చుకుని చేయాలి, చీము ఉంటే చేయకూడదు. అదీ సరిపోకపోతే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటి నోటి మందులు. ఇంటర్‌ల్యూకిన్-4, 13 సంకేతాలను అడ్డుకునే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌ను ఆరు నెలల పసివాళ్ళకు కూడా అమెరికా 2022లో అనుమతించింది. ఖరీదు మాత్రం మధ్యతరగతికి అందేలా లేదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. తేనె రంగు పెచ్చులు, చీము, జ్వరం ఉంటే బ్యాక్టీరియా పాతుకుపోయినట్టు. నొప్పితో, అన్నీ ఒకే తీరుగా, మధ్యలో గుంట పడిన పొక్కులు ఒక్కసారిగా గుంపులుగా లేచి బిడ్డ నీరసపడితే అది హెర్పిస్ వైరస్ ఎగ్జిమా మీద విరుచుకుపడటం. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, కళ్ళ దగ్గరైతే మరీ త్వరగా. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నవాళ్ళు, తాతయ్యైనా సరే, ఈ బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులుండి, ఇంట్లో అందరూ రాత్రిళ్ళు గోక్కుంటుంటే అది ఎగ్జిమా కాదు, గజ్జి. దాని మందు వేరు, ఇంటిల్లిపాదీ ఒకేరోజు రాసుకోవాలి.

రాత్రిళ్ళ మాట చెప్పకుండా ఈ జబ్బు గురించి చెప్పినట్టు కాదు. పక్క వెచ్చబడే వేళకు దురద పెరుగుతుంది. దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు చారలు, గోళ్ళ కింద పొట్టు, నిద్రలోనే తలను దిండుకేసి రుద్దుకునే బిడ్డ. నెలల తరబడి ఇలా సాగితే తల్లికి కోపం, ఏడుపు, ఆ తర్వాత అపరాధభావం వస్తాయి. తల్లి నిద్ర గురించి కూడా అడగని డాక్టరు సగం వైద్యమే చేస్తున్నట్టు. రాత్రి వంతులు వేసుకోండి, నాన్నకూ క్రీము పూయడం వస్తుంది. గోళ్ళు కత్తిరించి అరగదీయాలి, పలచటి నూలుబట్టలు, ఉన్ని వద్దు, ఫ్యానో ఏసీనో వేసి గది చల్లగా ఉంచాలి. దురద మొదలైతే చేతులు గుంజే బదులు తడిగుడ్డ అద్ది, మళ్ళీ క్రీము పూసి, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి.

చాలామంది పిల్లలకు బడి వయసుకో, పదేళ్ళు దాటాకో బాగా నెమ్మదిస్తుంది. పసితనంలోనే తీవ్రంగా వచ్చినవాళ్ళలో కొందరికి పెద్దయ్యాకా ఉంటుంది, ఉబ్బసం, తుమ్ములు తోడవుతాయి. బడిలో మాత్రం జబ్బుకన్నా పక్కపిల్లల తల్లిదండ్రులే ఎక్కువ ఇబ్బంది పెడతారు. ఇది అంటుకోదు. ఒకే బెంచీ మీద కూర్చున్నా, ఒకే చెంబుతో నీళ్ళు తాగినా రాదు. పాలియెస్టర్ యూనిఫాం లోపల నూలు బనీను వేయాలి, ఎండపడే కిటికీ పక్కన కాక ఫ్యాను కింద కూర్చోబెట్టాలి, భోజనాల వేళ చేతులు కడుక్కున్నాక క్రీము పూసుకోనివ్వాలి. ఈ మూడూ జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే టీచరుకు చెప్పి, సంచిలో చిన్న క్రీము డబ్బా ఒకటి పెట్టి పంపండి.